ప్లైవుడ్ దిగుమతుల్లో జపాన్ కంటే మనమే నయమా?

గోదారిగట్టు: జపాన్ దశాబ్దాలుగా ఇండోనేషియా, మలేషియాల నుంచి ప్లైవుడ్ కొంటూనే ఉంది. మనం వాడేది చాలావరకు ఇక్కడే, హర్యానా యమునానగర్‌లోనో కేరళ పెరుంబవూర్‌లోనో తయారవుతుంది. అంటే పరాయి అడవులు నరికించిన పాపం మనకు తక్కువే కదా? కాదనేవాళ్లు చెప్పండి.

రంపంపొట్టు: నేను కాదంటాను. ప్లైవుడ్ లెక్క ఒక్కటే చూస్తే బోల్తా పడతాం. 1970ల్లో జపాన్ ఎక్కువగా తెచ్చుకున్నది దుంగలు. ముందు ఫిలిప్పీన్స్ లవాన్ చెక్క, తర్వాత మలేషియాలోని సబా, ఇండోనేషియాలోని కాలిమంతాన్ దుంగలు. మిల్లులు జపాన్‌లో, మోళ్లు అక్కడ. 1985లో ఇండోనేషియా దుంగల ఎగుమతి ఆపేసి ప్లైవుడ్‌గా చేసి అమ్మసాగింది. దాంతో జపాన్ ప్లైవుడ్ దిగుమతి పెరిగింది. చెట్టు అదే, కస్టమ్స్ పుస్తకంలో గడి మారిందంతే.

గోదారిగట్టు: అది వాళ్ల పాత కథ అన్నా. మన సంగతి చెప్పు.

రంపంపొట్టు: మనదీ అదే దారి. మా షాపుకొచ్చే కార్పెంటర్ ముందు అడిగేది "గర్జన్ ఫేసేనా?" అనే. గోటితో అంచు గీరి మరీ చూస్తాడు. లోపలి పొరలు మన పాప్లర్, జామాయిల్. ఆ ఎర్రటి పైపొర మాత్రం మయన్మార్ గర్జన్. 2014 ఏప్రిల్‌లో వాళ్లు దుంగల ఎగుమతి నిషేధిస్తే, మన కంపెనీలు కొన్ని వెనీర్ (దుంగ నుంచి తీసే పలుచటి పొర) ఒలిచే మిల్లులు అక్కడే పెట్టాయి. ఇప్పుడు ఆఫ్రికాలోని గాబన్ నుంచి ఒకూమే చెక్క వస్తోంది. గాబన్ దుంగల ఎగుమతి 2010లోనే ఆపేసింది, కాబట్టి అదీ పొరలుగానే. ప్లైవుడ్ దిగుమతి పట్టికలో ఇదంతా ఎక్కడ కనిపిస్తుంది?

వేపచెట్టునీడ: మీరిద్దరూ ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో నొక్కి చేసే బోర్డు) వదిలేశారు. శ్రీకాళహస్తి దగ్గర, అచ్యుతాపురంలో ఫ్యాక్టరీలు వచ్చాక జామాయిల్, సరుగుడు వేసిన రైతుకు కాగితం మిల్లు కాకుండా ఇంకో గిరాకీ దొరికింది. వియత్నాం, థాయ్‌లాండ్ బోర్డు చవగ్గా దిగితే దెబ్బ ఎవరికి? 2025లో ఈ బోర్డులకు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు తప్పనిసరి చేయడం నాకు సబబే అనిపించింది.

కొత్తిల్లు: రైతుకి మంచిదే సర్. మా సింకు కింద పెట్టిన ఎండీఎఫ్ ఆర్నెల్లకే అప్పడంలా ఉబ్బింది. అదీ స్వదేశీదే!

రంపంపొట్టు: సింకు కింద ఎండీఎఫ్ పెట్టించుకుని దేశాన్ని తిట్టకు తమ్ముడూ. అక్కడ 710 ప్లై, అంటే తడికి తట్టుకునే మెరైన్ ప్లైవుడ్ వేయాలి.

ఒసాకాతెలుగు: నేను జపాన్‌లోనే ఉంటాను. యుద్ధం తర్వాత నాటిన సుగి చెట్లు ఎదిగాయి, 2000ల నుంచి ఇక్కడి మిల్లులు వాటి వైపు మళ్లాయి, దిగుమతి తగ్గింది. 2011 సునామీలో ఇషినోమాకి మిల్లులు దెబ్బతిన్నప్పుడు మళ్లీ బయట కొన్నారు. సెంట్రింగ్ పలకలు మాత్రం ఇప్పటికీ ఎక్కువగా మలేషియా, ఇండోనేషియావే. కాంక్రీటు పోసి, నాలుగైదు సార్లు వాడి పారేస్తారు. రోజూ ఆఫీసుకెళ్లే దారిలో ఆ గుట్టలు చూస్తుంటాను, సిమెంటు పట్టి తెల్లగా. గోడలో కలిసిపోయే చెక్క కూడా కాదు అది.

గోదారిగట్టు: సరే, దుంగలు, వెనీర్, ప్లైవుడ్ మూడూ ఘనపు మీటర్లలోకి మార్చి కలిపి చూడాలి. అంతవరకు ఒప్పుకుంటున్నా. కానీ వాళ్లు 12 కోట్ల మంది, మనం 140 కోట్లు. తలసరి లెక్క వేస్తే నా మాటే నిలుస్తుంది, దాన్ని మాత్రం వదలను.