క్యాన్సర్ చికిత్స పొందినవారికి మైండ్‌ఫుల్‌నెస్ శిక్షణ: అవసరమా, అదనపు భారమా?

హనుమకొండ సభ్యురాలు:
మా మేనత్తకు రొమ్ము క్యాన్సర్ చికిత్స పూర్తయింది. అయినా మళ్లీ పరీక్షల తేదీ దగ్గరపడేకొద్దీ ఆమెకు నిద్ర పట్టదు, అన్నం సహించదు. 8 వారాల మైండ్‌ఫుల్‌నెస్ (మనసులో, శరీరంలో కలిగేవాటిని ఉన్నది ఉన్నట్టు గమనించే సాధన) శిక్షణలో చేర్పించమని తెలిసినవారు అంటున్నారు. దీనిని చికిత్సలో భాగంగా చూడాలా, తీరిక ఉన్నవారి వ్యాపకంగా చూడాలా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

భూపాలపల్లి సభ్యుడు:
నేను దీనికి సుముఖంగా లేను. మా వైపు నుంచి హైదరాబాదు ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లేవారికి చికిత్స ఖర్చు ఆరోగ్యశ్రీలో గడిచినా, రోగికీ తోడు వెళ్లినవారికీ నెలల తరబడి పోయిన కూలి తిరిగి రాదు. కీమో నీరసంతో లేవలేని మనిషిని రోజూ 45 నిమిషాలు సాధన చేయమనడం ఏ న్యాయం? ఆందోళనకు మూలం అప్పు అయినప్పుడు మనసును అదుపులో పెట్టుకొమ్మని చెబితే, భయపడటం కూడా రోగి చేసిన తప్పే అన్నట్టు అవుతుంది.

వరంగల్ సభ్యురాలు (నర్సు):
అన్నగారి చివరి మాట చాలా బరువైనది, అందుకే దానితోనే మొదలుపెడతాను. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో జాన్ కబాట్-జిన్ మొదలుపెట్టిన ఈ శిక్షణ మనసును అదుపు చేయమనదు. వచ్చిన భయాన్ని తోసివేయకుండా, దాని వెంట కొట్టుకుపోకుండా, శ్వాసను ఆనుకుని గమనించమంటుంది. భయపడవద్దని రోగికి చెప్పే శిక్షకుడు ఉంటే ఆయనకే ఆ విద్య తెలియదని నా అభిప్రాయం.

ఫలితాల విషయానికి వస్తే, రొమ్ము క్యాన్సర్ వచ్చిన స్త్రీలపై జరిగిన అధ్యయనాలను పరిశీలించిన 2019 నాటి కాక్రేన్ (వైద్య అధ్యయనాలను ఒకచోట చేర్చి బేరీజు వేసే అంతర్జాతీయ సంస్థ) సమీక్షలో ఆందోళన, కుంగుబాటు కొంత తగ్గినట్టు తేలింది. అయితే ఆ తగ్గుదల స్వల్పమే, రెండేళ్ల నాటికి దాదాపు కనిపించదు. అయినప్పటికీ అమెరికా క్లినికల్ ఆంకాలజీ (క్యాన్సర్ వైద్యం) సంఘం, సమగ్ర ఆంకాలజీ సంఘంతో కలిసి 2023లో ఇచ్చిన మార్గదర్శకాలు చికిత్స సాగుతున్నప్పుడూ, ముగిశాకా ఈ పద్ధతిని సూచించాయి. ఆ కొద్దిపాటి ఊరట కూడా, రిపోర్టు కోసం ఎదురుచూసే రాత్రుల్లో విలువైనదే అంటాను. వ్యాధి తిరిగి రాకుండా ఇది ఆపుతుందని ఎవరైనా చెబితే మాత్రం అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

ఇంకొక జాగ్రత్త ఉంది. శరీరంలోని ఒక్కొక్క భాగాన్నీ వరుసగా గమనించే బాడీ స్కాన్, రొమ్ము తీసివేసిన స్త్రీలలో కొందరికి కన్నీళ్లు తెప్పిస్తుంది. అప్పుడు దానిని మాని శ్వాసనో, చుట్టూ వినిపించే చప్పుళ్లనో గమనింపజేయాలి. మీ మేనత్తగారికి అన్నం సహించకపోవడం వారాల తరబడి సాగితే, చనిపోవాలన్న మాట నోట వస్తే, ముందు మానసిక వైద్యుడిని చూపించండి; ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలీ మానస్ 14416కు ఫోన్ చేసినా మన భాషలో మాట్లాడతారు.

భూపాలపల్లి సభ్యుడు:
అమ్మా, ఇష్టపడినవారికి మాత్రమే అంటే నాకు అభ్యంతరం లేదు. కానీ దాని కోసం మళ్లీ వారం వారం బస్సు ఎక్కించకూడదు. పరీక్షలకు వచ్చిన రోజునే ఆసుపత్రిలో నేర్పి, మిగిలినది ఫోన్లో, పది నిమిషాల చొప్పున సాగనివ్వాలి.

వరంగల్ సభ్యురాలు (నర్సు):
అది సబబే. తోడు వచ్చినవారిని కూడా పక్కనే కూర్చోబెట్టి నేర్పితే మరింత మేలు, ఎందుకంటే వారి నిద్ర గురించి అడిగేవారు ఎవరూ ఉండరు.