స్నార్కీ పప్పీ: ఏ ఆల్బమ్‌తో మొదలుపెట్టాలి? కచేరీకి వెళ్లొచ్చా?

కోటి_కీబోర్డ్:

అందరికీ నమస్తే. మాది గుంటూరు జిల్లా. పదో తరగతి నుంచి మా ఊరి చర్చిలో కీబోర్డ్ వాయించాను, ఉద్యోగం కోసం బర్మింగ్‌హామ్ వచ్చి మూడేళ్లయింది. పోయిన నెల ఆఫీసులో ఒకతను స్నార్కీ పప్పీ అనే బ్యాండ్ వీడియో పంపాడు, పేరు "లింగస్". అందులో కోరీ హెన్రీ కీబోర్డ్ సోలో మొదలయ్యాక చేస్తున్న పని పక్కన పెట్టేశాను. ఆ రాత్రి పడుకునేదాకా ఆ సోలో ఒక్కటే విన్నాను. మర్నాడు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మొదటి కొన్ని బార్లు (తాళం ఆవర్తాల్లాంటివి) వేళ్ల మీదకి తెచ్చుకోవడానికి రెండు గంటలు కూర్చున్నా, ఇంకా సరిగ్గా రాలేదు.

తర్వాత వాళ్ల ఆల్బమ్స్ వెతికితే డజను దాకా కనిపించాయి. ఒకటి పెడితే పెద్ద ఆర్కెస్ట్రా ఉంది, ఇంకోటి పెడితే ప్రతి పాటా ఒక్కో గాయకుడు పాడుతున్నారు, మరోదాంట్లో అసలు పాటే లేదు. ఇదంతా ఒకే బ్యాండా అని అనుమానం వచ్చింది. జాజ్ నాకు పూర్తిగా కొత్త. ఇళయరాజా గారి బేస్ లైన్లు వింటూ పెరిగాను కాబట్టి గ్రూవ్, అంటే తల ఊగించే ఆ లయ నడక, మాత్రం వెంటనే ఎక్కింది.

రెండు సందేహాలు. ఏ ఆల్బమ్‌తో మొదలుపెట్టి ఎటు వెళ్లాలి? రెండోది, వీళ్లు ఈ వైపు వస్తే కచేరీకి వెళ్దామని ఉంది కానీ మా ఆవిడకి మాటలున్న పాట అయితేనే ఇష్టం, రెండు గంటలు వాయిద్యాలే అంటే విసుగొస్తుందేమో. ఇద్దరికీ టికెట్లంటే తక్కువ కాదు. వెళ్లినవాళ్లు చెప్పగలరా?

బేస్_తీగ:

కోటి గారూ, మీ పోస్టు ట్రైన్‌లో చదివి, ఇంటికెళ్లి కూర్చుని రాద్దామని ఆగాను, ఎందుకంటే ఈ బ్యాండ్ గురించి నేను రెండు ముక్కల్లో చెప్పలేను. పదేళ్ల పైనుంచి వింటున్నాను.

ముందు మీ అనుమానం. ఒకే బ్యాండే, కానీ నలుగురైదుగురు ఉండే బ్యాండ్ కాదు. బేస్ గిటార్ వాయించే మైకేల్ లీగ్ అనే ఆయన 2004లో టెక్సాస్‌లోని డెంటన్‌లో, యూనివర్సిటీ ఆఫ్ నార్త్ టెక్సాస్‌లో చదువుకునే రోజుల్లో తోటి విద్యార్థులతో మొదలుపెట్టాడు. ఇప్పుడు ఇరవై మందికి పైగా ఉన్నారు, ఏ టూర్‌కి ఎవరు వీలైతే వాళ్లు వస్తారు. పెద్ద ఉమ్మడి కుటుంబంలో పండక్కి ఎవరొచ్చారన్నదాన్ని బట్టి ఇంట్లో సందడి మారుతుంది చూడండి, అలా ఒకే ట్యూన్ డ్రమ్మర్ మారితే వేరేలా వినిపిస్తుంది.

మొదలుపెట్టాల్సింది మీరు చూసిన "లింగస్" ఉన్న ఆల్బమే, "వి లైక్ ఇట్ హియర్", 2014. 2013 అక్టోబర్‌లో నెదర్లాండ్స్‌లోని యుట్రెక్ట్‌లో ఒక స్టూడియోలో కొద్దిమంది జనాన్ని బ్యాండ్ చుట్టూ కూర్చోబెట్టి, అందరికీ హెడ్‌ఫోన్స్ ఇచ్చి, వాళ్ల ముందే వాయించి రికార్డ్ చేశారు. వీడియోలో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని తలలూపుతున్నవాళ్లు వాళ్లే. అందుకే దాన్ని వినడం కాదు, ముందు చూడమంటాను. డ్రమ్స్ మీద ఉన్న లార్నెల్ లూయిస్‌ని చివరి నిమిషంలో పిలిచారు, ఆయన కెనడా నుంచి విమానంలో వస్తూ దారిలోనే ఆ ట్యూన్లన్నీ వింటూ నేర్చుకున్నాడు. ఇది తెలిశాక "వాట్ అబౌట్ మీ?" ఇంకోసారి పెట్టి ఆయన చేతుల వైపే చూడండి.

"లింగస్" సోలో దగ్గర ఈసారి కోరీ హెన్రీని వదిలేసి పక్కవాళ్ల ముఖాలు చూడండి. అతను కొత్త కార్డ్ (కలిపి మోగించే స్వరాల గుంపు) ఒకటి వేయగానే వెనకాల ఉన్నవాళ్లు ఒకరినొకరు చూసుకుంటారు, నవ్వుతారు, తల పట్టుకుంటారు, కానీ గ్రూవ్ మాత్రం ఎక్కడా జారదు. కచేరీలో మృదంగం ఆయన మంచి ముక్తాయింపు వేస్తే పక్కనున్న వయొలిన్ ఆయన "భళా" అని చెయ్యి తిప్పుతారు కదా, అదే ఆనందం. నాకు ఈ బ్యాండ్ మీద ప్రేమ పుట్టింది అక్కడే. పక్కవాడు బాగా వాయిస్తుంటే ఇంతగా సంతోషపడే గుంపుని వేరే చోట తక్కువ చూశాను.

తర్వాత వెనక్కి వెళ్లి 2012 నాటి "గ్రౌండప్" వినండి, ముఖ్యంగా "థింగ్ ఆఫ్ గోల్డ్". అందులో షాన్ మార్టిన్ సింథ్ (సింథసైజర్ కీబోర్డ్) సోలో ఉంటుంది. కోరీ సోలో కొండ పైకి ఎక్కుతున్నట్టు ఉంటే ఇది పాట పాడినట్టు ఉంటుంది, ప్రతి స్వరం గొంతుతో పాడుకోవచ్చు. కీబోర్డ్ మనిషిగా మీకు కోరీ కన్నా ముందు ఈయన దగ్గరవుతాడని నా నమ్మకం. షాన్ మార్టిన్ 2024లో కన్నుమూశాడు, నలభై అయిదేళ్లకే. ఆ వార్త తెలిసిన రోజు ఇంట్లో నేను ఇదే పెట్టుకుని కూర్చున్నాను, మా పాప వచ్చి "ఎందుకమ్మా ఏడుస్తున్నావ్" అని అడిగింది.

మీ ఆవిడ కోసం "ఫ్యామిలీ డిన్నర్" మొదటి భాగం, 2013. మీకు ఒక్కో పాటకి ఒక్కో గొంతు వినిపించింది అదే. అందులో లేలా హాథవే పాడిన "సమ్‌థింగ్" ఆమెకి వినిపించండి. చివర్లో ఆవిడ ఒకే గొంతుతో ఒకేసారి ఒకటి కన్నా ఎక్కువ స్వరాలు పలికిస్తుంది. కల్పించి చెప్పడం లేదు, వీడియో ఉంది, వాయిస్తున్న వాళ్లే నమ్మలేక ముఖాలు పెట్టారు. ఈ పాటకే 2014లో ఆర్ అండ్ బి విభాగంలో గ్రామీ వచ్చింది, ఈ బ్యాండ్‌కి అదే మొదటిది.

2016లో వచ్చిన "కల్చా వల్చా" మాత్రం నన్ను అంతగా పట్టుకోలేదు. జనం లేకుండా స్టూడియోలో చేసింది, నాకు ఆ గది వేడి కావాలి.

ఇక కచేరీ. 2019 నవంబర్‌లో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో చూశాను. అయిదు వేల మందికి పైగా పట్టే హాలు, నాకు దొరికింది బాగా పైన, స్టేజీ మీద మనుషులు వేలెడంత కనిపించారు. అయినా బేస్ మొదలయ్యాక అది గుండెల్లో తెలిసింది. వీళ్ల కచేరీల్లో "షోఫుకన్" వస్తే జనం ఆ ట్యూన్‌ని గొంతెత్తి పాడతారు, మాటల్లేవు కాబట్టి ఎవరైనా కలవొచ్చు, ఏ దేశం వాళ్లైనా. మాటల్లేకపోతే విసుగన్న మా తమ్ముడు నా పక్కనే ఉన్నాడు, వాడు నాకన్నా గట్టిగా పాడాడు. ఆ రాత్రి రికార్డింగే తర్వాత 2020లో ఆల్బమ్‌గా వచ్చి గ్రామీ తెచ్చుకుంది. చప్పట్ల శబ్దంలో నేనూ ఉన్నానని ఇప్పటికీ గర్వమే. ఇద్దరూ వెళ్లండి.

ఇర్వింగ్_నుంచి:

పై పోస్టులో అక్క చెప్పినవన్నీ నిజం. కానీ కోటి అన్నా, నువ్వు చర్చి కీబోర్డ్ వాయించావని చదివాక ఒక్క సంగతి చెప్పకుండా ఉండలేను. నువ్వు విన్నది నీకు తెలిసిన సంగీతమే.

నేను డాలస్ దగ్గర ఇర్వింగ్‌లో ఉంటాను. డెంటన్ ఇక్కడికి పెద్ద దూరం కాదు, మనవాళ్లు చాలామంది అక్కడి యూనివర్సిటీలో ఎమ్మెస్ చేశారు, వాళ్లలో ఎంతమందికి ఈ బ్యాండ్ అక్కడే పుట్టిందని తెలుసో మరి. డెంటన్‌లో మొదలైనప్పుడు వీళ్లది ఎక్కువగా కాలేజీ జాజ్. మైకేల్ లీగ్ ఆ తర్వాత డాలస్‌లో నల్లజాతి వాళ్ల చర్చిల్లో వాయించే సంగీతకారులతో తిరిగి, వాళ్లతో కలిసి వాయించి నేర్చుకున్నాడు. ఫంక్ వచ్చి చేరింది అక్కడి నుంచే. షాన్ మార్టిన్, డ్రమ్మర్ రాబర్ట్ స్పుట్ సీరైట్ ఇద్దరూ గాస్పెల్ (చర్చి భక్తి సంగీతం) గాయకుడు కిర్క్ ఫ్రాంక్లిన్‌తో పనిచేసినవాళ్లు. కోరీ హెన్రీ బ్రూక్లిన్ చర్చిలో చిన్నపిల్లాడిగా ఉన్నప్పుడే ఆర్గన్ ముందు కూర్చున్నాడు.

పాస్టర్ గారు ప్రార్థన చేస్తుంటే కీబోర్డ్ వెనక మెల్లగా కార్డ్స్ పడుతూ ఉంటాయి, ఆయన గొంతు పెరిగితే అవీ పెరుగుతాయి, ఆయన ఆగితే అవీ ఆగుతాయి. నువ్వు చేసే ఉంటావు కదా. ఎదుటివాడు ఎటు వెళ్తాడో తెలియకుండానే వెంట నడవడం. "లింగస్"లో కోరీ వెనకాల బ్యాండ్ చేసేది అదే. కోరీ సొంత ఆల్బమ్ "ది రివైవల్", 2016, బ్రూక్లిన్‌లో ఒక చర్చిలోనే రికార్డ్ చేశాడు, అది తప్పకుండా విను.

నా ఓటు మాత్రం 2022లో వచ్చిన "ఎంపైర్ సెంట్రల్"కి. డాలస్‌లో డీప్ ఎల్లమ్ అనే పాత సంగీత వీధుల్లో, మళ్లీ జనం ముందే రికార్డ్ చేశారు. పదహారు ట్యూన్లు, పేర్లు చదివితే ఊరు తిరిగినట్టే. "ట్రినిటీ" ఇక్కడి నది, "మీన్ గ్రీన్" వాళ్ల యూనివర్సిటీ ఆటల జట్ల పేరు, "ఫ్యూయెల్ సిటీ" అయితే ఒక పెట్రోల్ బంకు, అక్కడ టాకోలు ఫేమస్, అర్ధరాత్రి షిఫ్ట్ అయ్యాక మేం తినేది అక్కడే. ఆ పేరు మీద ట్యూన్ వచ్చిందని తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషం చెప్పలేను, మన ఊళ్లో మిర్చి బజ్జీ బండి మీద ఎవరో పాట కట్టినట్టుంది.

అందులో "టేక్ ఇట్!" అనే ట్యూన్‌లో కీబోర్డ్ వాయించింది బెర్నార్డ్ రైట్. డాలస్‌లో లీగ్‌కి గురువులాంటివాడు. పెద్ద పేరున్న మనిషి అయ్యుండి కూడా కుర్రాళ్ల బ్యాండ్‌తో కూర్చుని వాయించేవాడు. ఆ రికార్డింగ్ అయిన కొద్ది వారాలకే, 2022 మే నెలలో, పోయాడు. ఆయన వాయించిన చివరి రికార్డింగ్ ఇదే. 2023లో ఆ ఆల్బమ్‌కి అయిదో గ్రామీ వచ్చింది.

ఆదితాళం_72:

బేస్_తీగ గారి అభిమానానికి దణ్ణం, కానీ "కల్చా వల్చా" విషయంలో ఒప్పుకోను. జనం లేరు నిజమే, టెక్సాస్‌లో ఊరికి దూరంగా ఉన్న స్టూడియోలో చేశారు. కానీ ఆ తీరిక వల్లే పెర్కషన్ (తాళవాద్యాలు) పొరలు పొరలుగా వేసుకోగలిగారు. "సెమెంటె" రాత్రి లైట్లు తీసేసి మంచి స్పీకర్ల మీద వినండి. ఒక కంజీర లాంటి చిన్న చప్పుడు ఎక్కడో మొదలై, మీరు గమనించేలోపు పాటంతా దాని మీద నిలబడి ఉంటుంది. నేను మృదంగం నేర్చుకున్న మనిషిని, నాకు అది చాలు.

కోటి గారికి పనికొచ్చే మాట ఒకటి. ఈ ట్యూన్లలో కాలు తప్పుతున్నట్టు అనిపిస్తే చేత్తో తాళం వేస్తూ వినండి. "లింగస్"లో కొంత భాగం అయిదు లెక్కలో నడుస్తుంది, నాలుగు లెక్కపెడితే చిక్కుపడతారు. తక తకిట, తక తకిట అని నోటితో అనుకోండి, ఖండం మనకి కొత్త కాదుగా. వాళ్ల గొప్పతనం ఏంటంటే అయిదు అని చెబితే గానీ తెలియదు, తల మామూలుగానే ఊగుతుంది.

ఆర్కెస్ట్రా వినిపించింది అన్నారు, అది "సిల్వా" అయి ఉంటుంది, 2015, నెదర్లాండ్స్‌కి చెందిన మెట్రోపోల్ ఆర్కెస్ట్‌తో చేశారు. అడవుల మీద కట్టిన సంగీతం. మొదటిరోజే పెట్టకండి, ఒక నెల పోయాక "ది కర్టెన్" ఒక్కటి వినండి, పావుగంట ఉంటుంది. మధ్యలో అంతా తగ్గిపోయి బిల్ లారెన్స్ పియానో ఒంటరిగా మిగిలే చోటు ఉంది. అక్కడ ఫోన్ మోగకుండా చూసుకోండి.

బేస్_తీగ:

ఆదితాళం గారూ, "సెమెంటె" ఈ రాత్రికి మళ్లీ పెడతాను, మీరు చెప్పినట్టు లైట్లు తీసేసి. ఇర్వింగ్ తమ్ముడూ, బెర్నార్డ్ రైట్ గురించి నేను రాయాల్సింది, నువ్వు రాసినందుకు థాంక్స్.

కోటి_కీబోర్డ్:

అందరికీ చాలా థాంక్స్. వారం రోజులుగా మీరు చెప్పిన వరసలోనే వింటున్నాం. "సమ్‌థింగ్" వీడియో మా ఆవిడకి వంటింట్లో పెట్టాను, ఆ రెండు స్వరాల చోట గరిటె పట్టుకునే ఆగిపోయి, వెనక్కి జరిపి మళ్లీ పెట్టమంది. తర్వాత "షోఫుకన్" తనే పెట్టుకుంటోంది. కాబట్టి టికెట్లు రెండు, టూర్ తేదీల కోసం చూస్తున్నాను.

ఇర్వింగ్ తమ్ముడూ, ప్రార్థన వెనక కార్డ్స్ గురించి నువ్వు రాసింది చదివి కాసేపు ఏమీ తోచలేదు. పదిహేనేళ్లు నేను చేసింది అదే, దానికి ఇంత విలువ ఉందని ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు మా ఊరి చర్చిలో కీబోర్డ్ వాయిస్తున్న అబ్బాయికి "థింగ్ ఆఫ్ గోల్డ్" పంపాను, ఇంటర్ చదువుతున్నాడు. నిన్న రాత్రి, అక్కడ తెల్లవారుజాము, ఫోన్ చేసి "అన్నా, ఆ సోలో మొదటి లైన్ వచ్చేసింది, రెండోది ఎక్కడ ఎత్తుకున్నాడో దొరకట్లేదు" అన్నాడు. నాకూ ఇంకా దొరకలేదు. ఆదివారం ఇద్దరం వీడియో కాల్‌లో కూర్చుంటున్నాం.