వానొస్తే మురుగంతా ఇళ్లలోకే, కాలవ ఎట్టా ప్లాన్ చెయ్యాల?

ప్రశ్న (కోవూరు దగ్గర పల్లె): అన్నా, కార్తీకంలో వాయుగుండం పట్టిందంటే మా వీధి సైడు కాలవ పొంగి బాత్రూం పైపులోంచి మురుగు వెనక్కి తన్ని ఇంట్లోకి వస్తాండాది, అందరూ కాలవ వెడల్పు చేద్దాం అంటాండారు, అది చాలుద్దా?

జవాబు (కందుకూరు): చాలదన్నా. ముందు లెవెల్ తీయించండి, అంటే నేల ఎత్తుపల్లాలు కొలిపించండి. నీళ్లు చివరికి ఏ వాగులో పడతాయో అక్కడ్నుంచి వెనక్కి కొలుచుకుంటా రావాల, రోడ్డు కింద తూము సన్నగా ఉంటే పైన ఎంత వెడల్పు చేసినా అక్కడే ఆగి ఎగదన్నుద్ది. పూడిక కూడా వానలకి ముందే, అంటే సెప్టెంబరులోపే తీయించాల.

జవాబు: సెప్టిక్ ట్యాంకు పైపులు కాలవలో కలిపుంటే అది ముందు ఆపించండి, పిల్లోళ్లు తిరిగే వీధి గదా! వాడకం నీళ్లకి ఇంకుడుగుంతలు మంచివే, కానీ నల్లరేగడిలో సరిగా ఇంకవు.

జవాబు: డబ్బుల సంగతి, 2021-26కి 15వ ఆర్థిక సంఘం పంచాయతీలకిచ్చిన నిధుల్లో 60 శాతం తాగునీళ్లు, పారిశుధ్యానికే. ఎంత మిగిలిందో గ్రామసభలో గట్టిగా అడగండి.