షుగరున్న అత్తయ్యగారి గోళ్లు, మూడేళ్ల బాబు చదును పాదాలు: ఇంట్లో ఏం చేయొచ్చు, ఏం చేయకూడదు?

ప్రశ్న: గోదారి_గట్టు

అందరికీ నమస్కారం. మా అత్తయ్యగారికి 71 ఏళ్లు. షుగరు వచ్చి పదిహేనేళ్లు దాటింది, మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. కాలి బొటనవేళ్ల గోళ్లు పసుపు రంగుకు తిరిగి బాగా మందమయ్యాయి, మామూలు నెయిల్ కట్టర్‌కు లొంగడం లేదు. ఆవిడ వంగలేరు కాబట్టి నేనే తీయాలి. కుడి బొటనవేలి మొదట్లో, అరికాలి వైపు ఆనెకాయ ఉంది. రాత్రిళ్లు అరికాళ్లు మంటలంటారు, ఉప్పు వేసిన వేడినీళ్లలో కాళ్లు పెట్టుకుంటానని రోజూ అడుగుతారు. ఇంట్లో చెప్పులు వేసుకోరు.

బాబుకి మూడేళ్లు. నిలబడితే అరికాలు మొత్తం నేలకు ఆనిపోతుంది, వంపు కనపడదు. అప్పుడప్పుడు మునివేళ్ల మీద నడుస్తాడు. లోపల ఆర్చ్ సపోర్టు ఉన్న బూట్లు వేయించకపోతే కాళ్లు వంకరపోతాయని షాపులో చెప్పారు. నిజమేనా? ఇద్దరి విషయంలోనూ ఇంట్లో చేయదగినవి ఏవి, డాక్టరుకు వదిలేయాల్సినవి ఏవి?

జవాబు 1: ఫుట్‌కేర్_నర్సు

గోళ్ల జోలికి పోకముందు ఒక పరీక్ష చేయండి. అత్తయ్యగారిని పడుకోబెట్టి కళ్లు మూసుకోమనండి. మీ చూపుడువేలి కొసతో ఆవిడ కాలివేళ్ల కొసలను ఒకటి రెండు సెకన్లు, ఈక తగిలినంత తేలిగ్గా ముట్టుకోండి. ముందు కుడి బొటనవేలు, కుడి చిటికెనవేలు, తర్వాత ఎడమ బొటనవేలు, ఎడమ చిటికెనవేలు, చివరగా కుడి, ఎడమ నడిమి వేళ్లు. తాకినట్టు తెలియగానే కుడో ఎడమో చెప్పాలి. నొక్కొద్దు, గోకొద్దు. తెలియకపోతే అదే వేలిని మళ్లీ ముట్టి చూడొద్దు. ఆరింటిలో రెండు గానీ అంతకుమించి గానీ తప్పితే పాదంలో స్పర్శ తగ్గిందనే లెక్క.

మంటలున్నాయంటే స్పర్శ బాగానే ఉందనుకుంటారు చాలామంది. అది పొరపాటు. దెబ్బతిన్న నరాలే మంట పుట్టిస్తాయి. ఆ పాదానికే ముల్లు దిగినా తెలియకపోవచ్చు.

వేడినీళ్లు ఈరోజు నుంచే ఆపించండి. స్పర్శ తగ్గిన కాలికి కాలుతున్న సంగతి కూడా తెలియదు, బొబ్బ లేచాకే ఇంట్లోవాళ్లు చూస్తారు. కడగడానికి గోరువెచ్చని నీళ్లు చాలు, 37 డిగ్రీలు దాటకూడదు. ఆ వేడిని మీ మోచేత్తో చూడండి. ఆవిడను చూడమనొద్దు, చేతుల్లోనూ స్పర్శ తగ్గి ఉండొచ్చు. కాళ్లు ఎక్కువసేపు నానితే వేళ్ల సందులు తెల్లగా ఒరుస్తాయి, పాదానికి ఇన్‌ఫెక్షన్ ఎక్కేది చాలాసార్లు అక్కడి నుంచే. ఇటుక కాపడం, హాట్ వాటర్ బ్యాగు, మంట పుట్టించే బాములు కూడా వద్దు.

ఇక గోళ్లు. పై పరీక్షలో ఆవిడ తప్పితే, పాదాలు చల్లగా, రంగు మారి ఉంటే, గోరు మెలితిరిగి చర్మంలోకి దిగి ఉంటే మీరు తీయొద్దు. స్పర్శ బాగుంటే మాత్రం ఇలా చేయండి. స్నానం చేసి తుడుచుకున్న వెంటనే గోరు కాస్త మెత్తగా ఉంటుంది, అప్పుడు మంచి వెలుతురులో కూర్చోండి. ఇంట్లో వాడే కట్టర్ నోరు అంత మందాన్ని పట్టదు. బలవంతాన నొక్కితే గోరు నిలువునా చీలుతుంది, ఆ చీలిక పక్క చర్మంలో గుచ్చుకుంటుంది. సర్జికల్ షాపుల్లో పటకారు ఆకారంలో నెయిల్ నిప్పర్ దొరుకుతుంది, అది తెచ్చుకోండి. ఒక అంచున మొదలుపెట్టి 2 మి.మీ. చొప్పున చిన్న చిన్న ముక్కలుగా తీస్తూ రెండో అంచుకు రావాలి. గోరు అడ్డంగా తిన్నగా ఉండాలి, చివర 1 మి.మీ. తెల్ల అంచు మిగలాలి. మూలల్లో తవ్వకండి. తవ్వినచోట కనపడకుండా మిగిలిన ములుకు పెరిగేకొద్దీ చర్మంలోకి దిగి గోరుచుట్టు అవుతుంది. మూలలు వాడిగా ఉంటే ఫైలుతో గుండ్రం చేస్తే సరిపోతుంది.

మందం ఒక్కరోజులో తగ్గదు. ఎమెరీ ఫైలుతో వారానికి ఒకసారి, ఒకే దిశలో, గోరు పైభాగాన్ని కొద్దికొద్దిగా అరగదీయండి. ఆ పొడిలో ఫంగస్ ఉండొచ్చు, మాస్కు, గ్లవుజులు వేసుకోండి. ఆ ఫైలు బాబుకి వాడొద్దు. నిప్పర్‌ను సబ్బుతో కడిగి, 70 శాతం ఆల్కహాల్ స్పిరిట్‌తో తుడిచి పెట్టుకోండి. ఎక్కడైనా తెగితే గాజుగుడ్డతో అయిదు నిమిషాలు గట్టిగా అదిమిపట్టి, సెలైన్‌తో కడిగి పొడి కట్టు కట్టండి. పసుపు, కాఫీ పొడి అద్దొద్దు. ఒకటి రెండు రోజుల్లో ఎరుపు పాకినా, చీము కనపడినా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

పసుపు రంగు గోరు ప్రతిదీ ఫంగస్ కాదు. గోటి పొడి పరీక్షకు పంపి నిర్ధారించుకున్నాకే మాత్రలు మొదలుపెట్టాలి. కాలి గోళ్లకు టెర్బినాఫిన్ (ఫంగస్‌ను చంపే మాత్ర) సాధారణంగా 12 వారాలు వాడాల్సి వస్తుంది, ముందు లివర్ పరీక్ష చేయిస్తారు.

ఆనెకాయను బ్లేడుతో కోయడం, కార్న్ క్యాప్ అంటించడం రెండూ ప్రమాదమే. ఆ క్యాప్‌లో 40 శాతం దాకా సాలిసిలిక్ యాసిడ్ ఉంటుంది. అది ఆనెకాయతోపాటు చుట్టూ ఉన్న మంచి చర్మాన్నీ తినేస్తుంది. షుగరున్నవాళ్లకు అలా పడిన పుండు నెలల తరబడి మానకపోవచ్చు. మడమల పగుళ్లకు 10 శాతం యూరియా ఉన్న క్రీము రోజుకు రెండుసార్లు రాయండి. వేళ్ల సందుల్లో మాత్రం రాయొద్దు, అక్కడ పొడిగా ఉండాలి.

ఇంకొకటి. మెట్టెలు బిగుసుకుని ఉంటే చూడండి. సాయంత్రానికి కాళ్లు వాచే వాళ్లకు మెట్టె కింద చర్మం ఒరిసి, పుండు పడి, పైకి కనపడదు. సబ్బు నురగతో రాకపోతే కత్తిరించి తీయించాలి. బీపీకి ఆమ్లోడిపిన్ వాడుతుంటే దానివల్ల కూడా పాదాలు వాస్తాయి, డాక్టరుకు చెప్పండి.

జవాబు 2: పిల్లల_ఫిజియో

బాబు గురించి. షాపువాళ్ల మాట వదిలేయండి. మూడేళ్ల పిల్లల్లో వంపు లేకపోవడం మామూలే. ఆ వయసులో అరికాలి మధ్య కొవ్వు దిండు ఉంటుంది, కీళ్ల కట్లు కూడా వదులుగా ఉంటాయి. వంపు ఆరేళ్లకు కొందరికి, పదేళ్లకు కొందరికి తేలుతుంది. సపోర్టు పెట్టినంత మాత్రాన వంపు పుట్టదు. 1992లో వెలువడిన ఒక అధ్యయనంలో మణిపాల్ వైద్యులు మన దేశంలో 2,300 మంది పిల్లల పాదముద్రలు చూశారు. చెప్పులు, బూట్లు వేసుకునే పిల్లల్లో చదును పాదాలు 8.6 శాతం, వేసుకోనివాళ్లలో 2.8 శాతం. ముందు మూసుకుపోయిన బూట్లు వేసేవాళ్లలో ఎక్కువ. కాబట్టి ఇంట్లో వట్టి కాళ్లతో తిరగనివ్వండి.

ఇంట్లోనే తేల్చుకునే పద్ధతి ఉంది. గోడ పట్టుకుని మునివేళ్ల మీద నిలబడమని, వెనక నుంచి చూడండి. వంపు కనపడి, మడమలు రెండూ లోపలికి తిరిగితే అది మెత్తటి చదును పాదం. నొప్పి లేనంతవరకు దానికి వైద్యం అక్కర్లేదు. వంపు రాకపోయినా, పాదం బిర్రుగా ఉన్నా, ఒక కాలే చదునుగా ఉన్నా, ఆటలు మానేసి కాళ్లనొప్పులంటున్నా పిల్లల ఎముకల డాక్టరుకు చూపించండి.

మునివేళ్ల నడక సంగతి కొంచెం జాగ్రత్తగా చూడండి. అప్పుడప్పుడు సరదాకి నడిచి, చెప్పగానే మడమ ఆనిస్తే భయం లేదు. మూడేళ్లు నిండాక కూడా ఎప్పుడూ అలాగే నడుస్తున్నా, మోకాలు చాపినప్పుడు పాదం పైకి వంగకపోయినా పరీక్ష కావాలి. మగపిల్లల్లో పిక్కలు లావెక్కి, మెట్లెక్కడానికి కష్టపడుతూ, కింద కూర్చుని లేచేటప్పుడు తొడల మీద చేతులు ఆనించి పైకి లేస్తుంటే కండరాల జబ్బు అనుమానించాలి. ఆలస్యం చేయొద్దు.

గోళ్లు స్నానం తర్వాతో, నిద్రలోనో తీయండి. కొస గుండ్రంగా ఉన్న చిన్న కత్తెరతో, వేలి కండను కిందికి నొక్కిపట్టి, గోరు తిన్నగా. నోటితో కొరికి తీసే అలవాటుంటే మానేయండి, నోటిలోని క్రిములు అక్కడ చేరతాయి. చిన్నారుల గోళ్లు పల్చగా, కాస్త గుంట తేలి ఉండటం వయసుతో సరిపోతుంది.

ఇంట్లో నెలల బిడ్డ ఎవరైనా ఉంటే ఇది గుర్తుంచుకోండి: కారణం తెలియకుండా గుక్కపట్టి ఏడుస్తుంటే సాక్సులు తీసి వేళ్లు చూడండి. తల్లి వెంట్రుక ఒకటి వేలికి చుట్టుకుని బిగిస్తే గంటల్లో వేలు నల్లబడుతుంది. వెంటనే తీయలేకపోతే అత్యవసర విభాగానికి పరుగెత్తాల్సిందే. దిష్టికి కాలికి కట్టే నల్ల తాడు కూడా ఒక వేలు దూరేంత వదులుగా ఉండాలి. బిడ్డ పెరిగేకొద్దీ విప్పి మళ్లీ కట్టాలి.

ఇంటి బయట మట్టిలో మాత్రం చెప్పులు తప్పనిసరి. కొంకిపురుగు పిల్ల దశలో అరికాలి చర్మంలోంచే ఒంట్లోకి దూరుతుంది.

జవాబు 3: చెప్పుల_కొలత

పాదరక్షల దగ్గర ఇద్దరికీ పనికొచ్చే కొలత ఒకటే. సాయంత్రం పూట, నిలబెట్టి, రెండు పాదాలూ అట్ట మీద గీయండి. ఆ గీత వెంట కత్తిరించి చెప్పు లోపల పెట్టండి. అట్ట ఎక్కడైనా మడత పడితే ఆ చోట చెప్పు ఇరుకు. అన్నిటికన్నా పొడుగు వేలి ముందు 1 సెం.మీ. ఖాళీ ఉండాలి. పొడుగు వేలు అందరికీ బొటనవేలే అయి ఉండదు. రెండు పాదాల కొలత తేడాగా ఉంటే పెద్దదాన్ని బట్టి కొనాలి.

అత్తయ్యగారికి ఎమ్‌సీఆర్ చెప్పులు అడగండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో, ఆర్థోటిక్స్ (పాదాలకు ప్రత్యేక చెప్పులు, ఆసరాలు తయారుచేసే) దుకాణాల్లో ఈ పేరు చెబితే చాలు. పైన పాదం ఆనే పొర మెత్తటి మైక్రోసెల్యులార్ రబ్బరు, 10 మి.మీ. వరకు మందం. కింద ముల్లు, మేకు దిగని గట్టి సోలు. బొటనవేలితో నొక్కితే పై పొర కొద్దిగా దిగి, వదలగానే తిరిగి లేవాలి. లేవకపోతే అరిగిపోయినట్టే. కొనేటప్పుడు నాలుగు విషయాలు చూడండి: మడమ వెనక పట్టీ ఉండాలి, పట్టీలకు వెల్క్రో ఉండాలి, బొటనవేలిని ఇరికించే ఉంగరం ఉండకూడదు, ఎక్కడా ఇనుప మేకులు కొట్టి ఉండకూడదు. వెనక పట్టీ లేకపోతే స్పర్శ తగ్గిన కాలి నుంచి చెప్పు జారిపోయినా మనిషికి తెలియదు, చెప్పు లేకుండానే నడిచిపోతుంది. పట్టీ లేని చెప్పుతో పెద్దవాళ్లు కింద పడటం ఇంకో ప్రమాదం.

ఇంట్లో తిరగడానికి ఒక జత, బయటికి ఒక జత. ఇంట్లో చెప్పులు పెద్దవాళ్లకు మనసొప్పదు. ఆ జతను గడప దాటనివ్వబోమని మాటిస్తే ఒప్పుకుంటారు. ఎండాకాలం గుడి ప్రదక్షిణల్లో రాతి బండల మీద పాదాలు కాలతాయి, కనీసం మందపాటి నూలు సాక్సులుండాలి, ఉదయం పూటే వెళ్లాలి.

కొత్త చెప్పులు మొదటిరోజు అరగంట వేసి తీయండి. ఎర్రటి గుర్తు పడి 20 నిమిషాల్లో పోకపోతే ఆ చోట ఒత్తుతోంది, వెనక్కి ఇచ్చేయండి. వేసుకునే ముందు ప్రతిసారీ దులిపి, లోపల చెయ్యి పెట్టి తడమాలి.

బాబుకి "వచ్చే ఏడాదికీ వస్తాయి" అని పెద్ద సైజు కొనకండి. జారకుండా పట్టుకోవడానికి వేళ్లు ముడుచుకుంటాడు, తట్టుకుని పడతాడు. వేళ్ల దగ్గర సులువుగా వంగే, మడమ ఎత్తు లేని బూటు చాలు. మూడు నెలలకోసారి కొలత చూడండి.

గోదారి_గట్టు

ఎంతో ఉపయోగపడింది, అందరికీ ధన్యవాదాలు. బాబు మునివేళ్ల మీద నిలబడితే వంపు వస్తోంది. అత్తయ్యగారు మాత్రం ఆరింటిలో మూడు చెప్పలేదు. టార్చి వేసి చూస్తే ఆనెకాయ మధ్యలో నల్లటి మచ్చ ఉంది. నొప్పి అస్సలు లేదంటున్నారు. వచ్చే నెల షుగరు చెకప్ ఉంది, అప్పుడు చూపిస్తే సరిపోతుందా?

జవాబు 4: జనరల్_సర్జన్

సరిపోదమ్మా. ఈరోజు, లేదంటే రేపు పొద్దున్నే తీసుకెళ్లండి. ఆనెకాయలో నలుపు అంటే లోపల రక్తం కమ్మిందని, చర్మం చిట్లడం మొదలైందని. పైన గట్టి పొర మూతగా ఉండి కింద పుండు పెరుగుతూ ఉండొచ్చు. నొప్పి లేకపోవడం ఇక్కడ మంచి గుర్తు కాదు. అప్పటిదాకా ఆ కాలి మీద నడక వీలైనంత తగ్గించండి, ఇంట్లో ఎవరూ దాన్ని గిల్లొద్దు.

పోడియాట్రిస్టు (పాదాల నిపుణుడు) అని బోర్డు ఉన్నవాళ్లు మన దగ్గర తక్కువ. డయాబెటిక్ ఫుట్ క్లినిక్ దగ్గర్లో లేకపోతే జనరల్ సర్జన్ దగ్గరికి వెళ్లండి. ఆనెకాయను స్కాల్పెల్‌తో పొరలుగా తీసి కింద ఏముందో చూస్తారు. పుండు ఉంటే సన్నటి లోహపు ప్రోబ్‌తో లోతు చూస్తారు. ఎముక తగిలితే ఎముకకు ఇన్‌ఫెక్షన్ ఉందేమోనని ఎక్స్‌రే తీయిస్తారు. పాదం పైన, లోపలి చీలమండ వెనక నాడి కొట్టుకుంటోందో చూడమని మీరే అడగండి. కాలి బీపీని చేతి బీపీతో భాగిస్తే వచ్చే అంకె 0.9 కన్నా తక్కువైతే కాలికి రక్తం సరిగా అందడం లేదు. 1.3 దాటితే బాగుందని కాదు, షుగరువల్ల ధమనులు గట్టిపడి అంకె తప్పుగా వస్తుంది. అప్పుడు కాలివేలి దగ్గర బీపీ కొలవాలి. వాపు తగ్గాలని బిగుతు సాక్సులు వేసే ముందు కూడా ఈ పరీక్ష అయి ఉండాలి.

ఇన్‌ఫెక్షన్ గుర్తులు లేని పుండుకు యాంటీబయాటిక్ అక్కర్లేదు. అక్కడ పనిచేసేది ఒత్తిడి తీసేయడమే, అంటే ప్రత్యేక కట్టో, బూటో వేసి ఆ చోట బరువు పడకుండా చూడటం. రోజూ డ్రెస్సింగ్ మారుస్తూ మామూలుగా నడిస్తే మానదు. మంటలకు మరో కారణం కూడా వెతకాలి. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బి12 తగ్గవచ్చు, రక్తపరీక్షలో అది కూడా రాయించండి.

ఇకపై రోజూ రాత్రి పాదాలు చూడండి: అరికాలు, మడమ అంచులు, ప్రతి వేలి సందు. ఒక పాదం రెండోదానికన్నా వేడిగా, ఎర్రగా వాచి, నొప్పి పెద్దగా లేకపోతే అది ఎముకలు లోపలే విరిగిపోయే చార్కో పాదం కావొచ్చు. దాన్ని గౌటు (యూరిక్ యాసిడ్ వల్ల వచ్చే కీళ్ల వాపు) అనో, చర్మపు ఇన్‌ఫెక్షన్ అనో పొరపడి నడిపిస్తే పాదం ఆకారమే పోతుంది. ఆ రోజే బరువు ఆపి చూపించాలి. వేలు నల్లబడినా, చీము వాసన వచ్చినా, జ్వరంతోపాటు ఎరుపు పైకి పాకినా రాత్రయినా సరే ఎమర్జెన్సీకి వెళ్లండి. స్పర్శ ఒక్కటే తగ్గినవాళ్లు 6 నుంచి 12 నెలలకోసారి, ఒకసారి పుండు పడి మానినవాళ్లు 1 నుంచి 3 నెలలకోసారి పాదాలు చూపించుకోవాలి.

వెళ్లేటప్పుడు మందుల చీటీ, చివరి హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు) రిపోర్టుతోపాటు ఆవిడ రోజూ బయటికి వేసుకునే చెప్పులు కూడా పట్టుకెళ్లండి. లోపలి అట్ట గుంటపడిన చోటు ఆనెకాయతో కలుస్తోందో లేదో డాక్టరు చూస్తే, కొత్త జతలో ఎక్కడ ఎంత బరువు తప్పించాలో అక్కడే తేలుతుంది.