అఫ్ఫెరెంటు తెచ్చు... తర్వాత ఏమిటి?

పర్లాకిమిడి నుంచి: మా నాన్నగారు కాంపౌండరు. మూత్రపిండంలోని రక్తనాళాలు గుర్తుండటానికి ఒక ఆటవెలది చదివేవారు.

అఫ్ఫెరెంటు తెచ్చు .......
ఎఫ్ఫెరెంటు తీసి యేగుచుండు

మొదటి పాదంలో చివరి రెండు గణాలు మరిచిపోయాను. మా అమ్మాయి బరంపురంలో నర్సింగ్ చదువుతోంది, రక్తం తెచ్చే నాళం అఫ్ఫెరెంటు, తీసుకుపోయేది ఎఫ్ఫెరెంటు అన్న ఈ రెండు మాటల దగ్గరే టెన్షన్ పడుతోంది. ఎవరైనా విన్నారా?

బరంపురం నుంచి: "నంతయు లోనికి" అయ్యుంటుంది మాస్టారూ. రెండు భగణాలు. తెచ్చున్ + అంతయు కాబట్టి యతీ కుదిరింది.

రాయగడ నుంచి: అసలు ఆ ద్విత్వం ఎక్కడిదండీ? డాక్టర్లు ఒక్క ఫకారంతోనే అంటారు. అప్పుడు అఫెరెం అంటే లఘువు, లఘువు, గురువు. అది ఆటవెలది మొదట రావలసిన సూర్యగణం కాదు. పద్యం కోసం సాగదీశారు.

బరంపురం నుంచి: సాగదీయలేదు. లాటిన్‌లో అద్ + ఫెర్రె, అఫ్ఫెర్రె అయింది. మన ఉత్ + లాసము, ఉల్లాసము అయినట్టే. ఎక్స్ + ఫెర్రె, ఎఫ్ఫెర్రె. ఫెర్రె అంటే మోయడం, మన భృ ధాతువుకు చుట్టం. ఇంగ్లిష్ నిఘంటువులు కూడా అఫ్-ఫెర్-ఎంట్ అని రెండు ఫకారాల మధ్యే విరుస్తాయి. నోట్లోంచి పోయినది రాతలో మిగిలింది, మాస్టారి నాన్నగారి పద్యంలోనూ మిగిలింది.

రాయగడ నుంచి: విరుపును ధాతువుకు ముడిపెట్టకండి. అపెండిక్స్‌లో ధాతువు పెండ్, అంటే వేలాడటం. పలికేటప్పుడు పెన్-డిక్స్ అని డకారం అవతలికి పోతుంది. గిడుగువారు పర్లాకిమిడిలోనే ఉండి నోటిమాట కోసం పోరాడారు. మనం పలకని ఫకారాన్ని పట్టుకు వేలాడటం ఏం న్యాయం?

గుణుపురం నుంచి: గిడుగువారి పోరాటం వచనం కోసం. పద్యానికి బరువే ప్రాణం. పోతనగారి "సిరికిం జెప్పడు" చదవండి. "జె" హ్రస్వమే, "ప్ప" తగిలి గురువైంది. "జెపడు" అని చూడండి, మత్తేభం అక్కడే కూలబడుతుంది. మా అమ్మమ్మ ఆ ప్పకారం దగ్గర ఒక్క క్షణం ఊపిరి బిగబట్టేది. లక్ష్మికైనా చెప్పకుండా బయల్దేరిన ఆ తొందరంతా నాకు అక్కడే వినిపిస్తుంది. అఫ్ఫెరెంటులోనూ ఆ బిగువు ఉండాలి.
అన్నట్టు, నేను విన్నది "నరుణరక్తంబును".

బరంపురం నుంచి: నగము, భగణం, సరిపోయాయి. కానీ అర్థం? గ్లోమెరులస్ దగ్గర, అంటే రక్తాన్ని వడకట్టే ఆ సన్న నాళాల ఉండ దగ్గర, రెండూ ధమని కొమ్మలే. బయటికి పోయే రక్తమూ అరుణమే. రెంటికీ తేడా చూపని మాట అక్కడ ఎందుకు వేస్తారు?

గుణుపురం నుంచి: తేడా తెచ్చు, తీసి అన్నచోటే ఉంది కదా బాబూ. మీ "అంతయు" ఏం చూపింది? పైగా ప్లాస్మాలో, అంటే రక్తంలోని ద్రవంలో, ఐదో వంతు అక్కడే వడకట్టుకుపోతుంది. రెండో పాదంలో "అంతయు" ఉంటే తప్పయ్యేది.

బరంపురం నుంచి: అందుకే మొదటి పాదంలో ఉంది! వచ్చేది అంతా, పోయేది కొంత.

పర్లాకిమిడి నుంచి: రెండూ నకారంతోనే మొదలయ్యాయి, నా చెవిలో ఉన్నదీ అదే. ఇంకొకటి గుర్తొచ్చింది. పాదం చివరికి వచ్చేసరికి నాన్నగారి పెదవులు ఒకసారి గట్టిగా కలిసేవి.

గుణుపురం నుంచి: రక్తం"బు"!

బరంపురం నుంచి: తొందరపడకండి. మాస్టారూ, పెదవులు కలిసింది పాదం చివరా, లేక రెండో పాదం ఎత్తుకోబోయే ముందా?