గుంపులో ఉన్నందుకే హత్య కేసా? తెలిసినవాళ్లు చెప్పండి

నమస్తే అండీ. హైదరాబాద్‌లో మా బస్తీలో పోయిన నెల ఒకతన్ని ఫోన్ దొంగ అనుకొని జనం కొట్టారు, ఆసుపత్రిలో చనిపోయాడు. పాపం, దొంగో కాదో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. మా పెద్దమ్మ కొడుకు అక్కడే ఉన్నాడు. చెయ్యి వేయలేదంటాడు. కానీ వీడియోలో ముందు వరుసలోనే కనిపిస్తున్నాడు, "వదలకండి" అన్న గొంతు కూడా వాడిదే అంటున్నారు. నా టెన్షన్ అదే.

ఎఫ్ఐఆర్‌లో భారతీయ న్యాయ సంహిత 103(1) (హత్య), 190 సెక్షన్లు పెట్టారు. 190 అంటే పాత ఐపీసీ 149 అట. ఐదుగురు, అంతకంటే ఎక్కువ మంది ఒకే ఉద్దేశంతో చట్టవిరుద్ధంగా గుమిగూడితే, ఆ ఉద్దేశం కోసం ఒకరు చేసిన నేరం అందరిదీ అవుతుందని చదివాను. మరి ఊరికే చూస్తూ నిలబడ్డవాడికీ వర్తిస్తుందా? అరిచినవాడి సంగతేంటి? కులం, పుట్టిన చోటు, భాష లాంటి కారణాలతో గుంపు చంపితే 103(2), అంటే ఉరి లేదా యావజ్జీవం. దొంగతనం అనుమానం దాని కిందికి వస్తుందా?

నాంపల్లి కోర్టులో బెయిల్ వేసే ముందు లాయర్‌ని ఏం అడగాలి? ఫోన్‌లో వీడియో తీసేయమని ఒకాయన సలహా ఇచ్చాడు. నేను ససేమిరా అన్నాను. పెద్దమ్మ నాతో మాట్లాడడం లేదు.