రక్త పరీక్ష చేయించాకే కబడ్డీ మ్యాట్ ఎక్కించాలా?

కోచ్ సతీశ్: మా జిల్లా టోర్నీలో ఆడే పిల్లలందరికీ హెచ్‌ఐవీ పరీక్ష తప్పనిసరి చేయాలని తల్లిదండ్రులు పట్టుబడుతున్నారు. నాకూ సబబే అనిపిస్తోంది. 1996లో బాక్సర్ టామీ మోరిసన్‌కు హెచ్‌ఐవీ ఉందని తేలింది అమెరికాలోని నెవాడాలో ఫైట్‌కు ముందు చేసిన పరీక్షలోనే కదా. కబడ్డీలో మాత్రం దెబ్బలు తక్కువా? రెయిడర్ మీద అందరూ పడితే మోచేతులు చీరుకుపోతాయి.

ఫిజియో లక్ష్మి: సతీశ్ గారూ, మీరు భయపడాల్సిన వైరస్ అది కాదు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల రక్తం అంటిన సూది గుచ్చుకుంటే అది సోకే అవకాశం దాదాపు 0.3 శాతం. టీకా లేనివాళ్లకు, కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బి అయితే 6 నుంచి 30 శాతం! పైగా అది ఎండిపోయిన రక్తంలో వారం రోజులైనా బతుకుతుంది. జపాన్‌లో ఒక యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో 65 మందిలో 11 మందికి ఇది సోకింది. ఆటలో హెచ్‌ఐవీ అంటుకున్నట్టు గట్టిగా రుజువైన కేసు మాత్రం ఒక్కటీ లేదు. ఇటలీ ఫుట్‌బాల్‌లో ఒకటి చెప్తారుగానీ, అదీ తేలలేదు.

రమేశ్ (ఒక తండ్రి): మేడమ్, లెక్కలు సరే. మా అబ్బాయి ఆడేది లెక్కలతో కాదు. సమ్మతి పత్రం మీద మేమే సంతకం పెడతాం, మీకేం ఇబ్బంది?

ఫిజియో లక్ష్మి: ‘సంతకం పెట్టకపోతే ఆడనివ్వం’ అంటే అది సమ్మతి ఎలా అవుతుందండీ? 2017 హెచ్‌ఐవీ చట్టం బలవంతపు పరీక్షను ఒప్పుకోదు. సమ్మతి లేకుండా ఫలితం బయటపెట్టడాన్నీ ఒప్పుకోదు. పైగా నిన్న సోకినవాడికి ఇవాళ నెగెటివే వస్తుంది. ఆ కాగితం చూసి మీరు గ్లవ్స్ పక్కన పడేస్తారు. 1992లో, హెచ్‌ఐవీ ఉన్న అమెరికా బాస్కెట్‌బాల్ ఆటగాడు మ్యాజిక్ జాన్సన్ బార్సిలోనాలో ఒలింపిక్ స్వర్ణం గెలిచాడు. అదే ఏడాది ప్రీ-సీజన్ మ్యాచ్‌లో చేతికి చిన్న గీత పడేసరికి స్టేడియమంతా బిక్కచచ్చిపోయింది. కొద్దిరోజులకే తప్పుకున్నాడు. ఆయన్ని ఆపింది వైరస్సా, తోటి ఆటగాళ్ల భయమా?

రెఫరీ మూర్తి: నేను చూసేది చెప్తాను. ఒకడి ముక్కు నుంచి రక్తం కారితే అందరూ వాడే తువ్వాలుతోనే తుడుస్తారు. అదే తువ్వాలు మళ్లీ బకెట్లో ముంచి ఇంకొకడి మొహానికి! మ్యాట్ మీద చుక్కల్ని ఎవరో కాలితో రుద్దేస్తారు. దీనికి ఏ ల్యాబ్ రిపోర్టు అడ్డుపడుతుంది?

కోచ్ సతీశ్: అయితే ఏం చేయమంటారు మేడమ్? బడ్జెట్ చూసి చెప్పండి.

ఫిజియో లక్ష్మి: పరీక్షల డబ్బు హెపటైటిస్ బి టీకాకు పెట్టండి. మూడు డోసులు: మొదటిది, నెలకు, ఆరు నెలలకు. దేశమంతటా పసిపిల్లలకు ఇది అందడం మొదలైంది 2011 ప్రాంతంలోనే, కాబట్టి మీ సీనియర్లలో చాలామందికి పడి ఉండదు. రక్తం వస్తే ఆట ఆపాలి, కట్టు కట్టాకే మళ్లీ దింపాలి. గ్లవ్స్ వేసుకుని మరకను ముందు తుడిచి, ఒక వంతు బ్లీచ్‌కు తొమ్మిది వంతుల నీళ్లు కలిపి పోయాలి. పది నిమిషాలు ఆగాలి.

రమేశ్: పది నిమిషాలు మ్యాచ్ ఆపితే ప్రేక్షకులు ఊరుకుంటారా?

రెఫరీ మూర్తి: ఊరుకోకపోతే ఈలలు వేస్తారు, అంతేగా. ఆపే అధికారం నాకు రాసివ్వండి సార్, మిగతాది నేను చూసుకుంటాను.